పొట్టి కమాండ్లా, నిండు మాటలా, అంకెలా? కీబోర్డు మీద నడిచే ప్రోగ్రాంకు ఏ తీరు నప్పుతుంది

మిర్యాలగూడలో రైస్ మిల్లుకో, జడ్చర్లలో అడ్తి దుకాణానికో చిన్న ప్రోగ్రాం రాసి ఇచ్చేవాళ్లు డేటాబేస్ గురించి రోజుల తరబడి తర్జనభర్జన పడతారు. కమాండ్ల పేర్లు మాత్రం చివర్లో తోచినవి తగిలిస్తారు. ఆ పేర్లను సీజన్ పొడుగునా కొట్టాల్సింది కాంటా దగ్గర కూర్చునే గుమస్తా. డేటాబేస్‌ను ఎప్పుడైనా మార్చుకోవచ్చు, మార్చినట్టు ఎవరికీ తెలియను కూడా తెలియదు. గుమస్తా వేళ్లకు ఒకసారి పట్టిన అలవాటును మాన్పించడం మాత్రం మహా కష్టం.

అలాంటి ప్రోగ్రాం రాయబోతూ కమాండ్లు ఏ తీరులో పెట్టాలో తేల్చుకోలేనివాళ్ల కోసం ఈ పోలిక. ముందున్న దారులు ఐదు: యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం తరహా రెండు మూడక్షరాల కమాండ్లు, విండోస్‌లో కమాండ్లు కొట్టే పవర్‌షెల్ తరహా నిండు మాటలు, నిండు మాటే అయినా మొదటి అక్షరాలు కొడితే చాలనే సిస్కో (నెట్‌వర్క్ రూటర్ల కంపెనీ) తీరు, ఉత్త అంకెలు, తెలుగు మాటలు. ఉదాహరణ మాత్రం అన్నింటికీ ఒకటే. వడ్ల లారీ కాంటా మీదికి వచ్చింది. రకం 1010, బస్తాలు 320, తేమ 16.5 శాతం. దీన్ని లోపలికి వచ్చిన సరుకుగా ఎక్కించాలి.

కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాం గానీ కొట్టేటప్పుడు అవి ఇంగ్లిష్ అక్షరాలే. ‘ఇన్’ అంటే ఐ, ఎన్ అనే రెండు కీలు. కీల లెక్కలన్నీ ఇంగ్లిష్ అక్షరాలను బట్టే.

దేంతో కొలవాలి

అందరూ ముందుగా లెక్కపెట్టేది అక్షరాలను. తక్కువ అక్షరాలుంటే తొందరగా అయిపోతుందని లెక్క. అది సగమే నిజం. 1980లో కార్డ్, మోరన్, న్యూవెల్ అనే పరిశోధకులు కీస్ట్రోక్ లెవెల్ మోడల్ పేరుతో ఒక పద్ధతి ఇచ్చారు. కంప్యూటర్ ముందు చేసే పనిని ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ఇన్ని సెకన్లని కట్టే పద్ధతి అది. నిమిషానికి 40 మాటలు కొట్టే మామూలు టైపిస్టుకు ఒక్కో కీకి 0.28 సెకను పడుతుంది. అర్థం లేని అక్షరాల వరస కొట్టాలంటే కీకి 0.5 సెకను. అక్షరాలూ అంకెలూ కలగలిసిన చిక్కు కోడయితే 0.75. కీబోర్డు అలవాటే లేనివాళ్లకు 1.2. వీటన్నిటికన్నా పెద్దది, ‘తర్వాత ఏం కొట్టాలబ్బా’ అని మనసు ఒక్కసారి ఆగడం: 1.35 సెకన్లు.

అంటే ఒక్క తడబాటు దాదాపు ఐదు కీలు మింగేస్తుంది. కమాండ్‌లో మూడక్షరాలు తగ్గించి, దాన్ని గుర్తు తెచ్చుకోవడానికి గుమస్తా ఒకసారి ఆగేలా చేస్తే మిగిలింది నష్టమే. ‘స్టాక్’ అనే ఐదక్షరాల మాట 1.4 సెకన్లలో పడిపోతుంది. దాని బదులు మీరు పుట్టించిన ‘ఎక్స్‌క్యూ7’ లాంటి మూడు కీల కోడుకు, కీకి 0.75 చొప్పున, 2.25 సెకన్లు. అదేమిటో గుర్తుతెచ్చుకునే ఆగడం ఇంకా ఇందులో కలపలేదు.

రెండో కొలత, ఆ కమాండ్ రోజుకు ఎన్నిసార్లు కొట్టాలి అన్నది. సీజన్‌లో రోజుకు 200 ఎంట్రీలు పడే చోట ఎంట్రీకి ఆరున్నర సెకన్లు తగ్గితే ఇరవై నిమిషాలు మిగులుతాయి, బయట లారీల వరస ఆ మేరకు కదులుతుంది. నెలకోసారి తీసే రిపోర్టుకు ఆ ఆరున్నర సెకన్లు ఎవరికీ పట్టవు. అక్కడ కావాల్సింది నెల తర్వాత కూడా పేరు గుర్తుండటం.

మూడోది, వేళ్లు. మన దగ్గర దొరికే కీబోర్డులన్నీ దాదాపు అమెరికన్ అమరికవే. పది వేళ్లతో కొట్టేవాళ్లకు రెండు చేతులూ ఒకదాని తర్వాత ఒకటి కదిలితే హాయి. యూనిక్స్‌లో ‘ఎల్ఎస్’ చూడండి: ఎల్ కుడి ఉంగరపు వేలు, ఎస్ ఎడమ ఉంగరపు వేలు. రెండూ మధ్య వరసలోనే ఉంటాయి, చేతులు కదలక్కర్లేదు. ‘సీడీ’ కూడా రెండక్షరాలే, కానీ సీ, డీ రెండూ ఎడమ నడిమి వేలివే. ఒకే వేలు కింది వరసకు దిగి మళ్లీ పైకి రావాలి. ‘గ్రెప్’లో జీ, ఆర్ రెండూ ఎడమ చూపుడు వేలికే పడతాయి. అక్షరాల సంఖ్య ఒకటే అయినా కొట్టే సుఖం ఒకటి కాదు.

ఇక చిహ్నాలు. హైఫన్ పై వరసలో సున్నా పక్కన, కుడి చిటికెన వేలికి దూరంగా ఉంటుంది. అండర్‌స్కోర్‌ది కూడా అదే కీ, దానికి తోడు షిఫ్ట్. కోలన్‌కూ, నిలువు గీతకూ షిఫ్ట్ తప్పదు. షిఫ్ట్ లేకుండా అందే చిహ్నాల్లో స్పేసు, డాట్, కామా, స్లాష్, హైఫన్ ముఖ్యమైనవి. వీటిలో స్పేసు బొటనవేలి కిందే ఉంటుంది. కమాండ్‌లో మాటలను విడదీయడానికి స్పేసు సరిపోతుంటే వేరే చిహ్నం జోలికే పోవద్దు.

రెండు వేళ్లతో కొట్టేవాళ్లకు ఈ వేళ్ల లెక్క వర్తించదు. చాలా దుకాణాల్లో కొట్టేది ఇలాగే. వాళ్లకు బరువయ్యేది కళ్లు కిందికి దించి కీ వెతకడం. అక్షరాలు ఎక్కడున్నాయో వాళ్లకూ తెలుసు, హైఫన్ దగ్గరా అండర్‌స్కోర్ దగ్గరా ఆగిపోతారు.

నాలుగోది చాలామంది పట్టించుకోనిది: తప్పు కీ పడితే ఏమవుతుంది? యూనిక్స్‌లో వేళకు పనులు నడిపే క్రాన్‌ట్యాబ్ ఉంది. దానికి ‘-ఈ’ ఇస్తే జాబితా దిద్దుకోవచ్చు, ‘-ఆర్’ ఇస్తే జాబితా మొత్తం అడగకుండానే పోతుంది. కీబోర్డులో ఈ, ఆర్ పక్కపక్క కీలు. డిస్కు కాపీ చేసే ‘డీడీ’లో ఎక్కడి నుంచి అన్నదానికి ‘ఐఎఫ్’, ఎక్కడికి అన్నదానికి ‘ఓఎఫ్’. ఐ, ఓ కూడా పక్కపక్కనే. అటుదిటు అయితే ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కు మీద పడుతుంది. ఇవి రాసినవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. పేరు పెట్టేటప్పుడు అర్థం చూశారు, కీబోర్డు చూడలేదు, అంతే.

యూనిక్స్ తీరు: రెండు మూడక్షరాలు

1969లో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ మొదలైనప్పుడు కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ కొట్టింది టెలిటైప్ మోడల్ 33 లాంటి యంత్రాల మీద. ఆ యంత్రం సెకనుకు పది అక్షరాలే అచ్చు వేసేది, కీలను బలంగా లోపలికి నొక్కాల్సి వచ్చేది. ‘కాపీ’ని సీపీ, ‘మూవ్’ను ఎంవీ చేయడం ఆ యంత్రానికి తగిన పనే. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు, అలవాటు మాత్రం మిగిలింది.

మన లారీ ఎంట్రీ ఈ తీరులో ఇలా ఉంటుంది: ‘ఇన్ -వి 1010 -బి 320 -ఎం 16.5’. ఎంటర్‌తో కలిపి 26 కీలు. చూడ్డానికి చిన్నదే. కానీ మూడు హైఫన్లున్నాయి, ప్రతి హైఫన్ తర్వాతా ఏ అక్షరం అన్న ప్రశ్న ఉంది. ‘ఎం’ అంటే మాయిశ్చరా, మిల్లా? ‘బి’ అంటే బ్యాగులా, బిల్లా? రోజూ కొట్టేవాడికి వారంలో చేతికి వచ్చేస్తుంది. వాడు సెలవు పెట్టిన రోజు కూర్చున్నవాడు ప్రతి హైఫన్ దగ్గరా ఒకసారి ఆగుతాడు: మూడు ఆగుళ్లు, నాలుగు సెకన్లు.

‘-వి’, ‘-బి’ లాంటి పొట్టి గుర్తులను కలిపి కొట్టనిస్తే ఇంకో చిక్కు. ఫైళ్లను మూటగట్టే ‘టార్’ వాడినవాళ్లకు ఇది తెలిసే ఉంటుంది. ‘-సీజెడ్ఎఫ్’ అని కొట్టి ఫైలు పేరిస్తే పని జరుగుతుంది. అవే అక్షరాలను ‘-సీఎఫ్‌జెడ్’ అని కొడితే ‘జెడ్’ అనే పేరుతో ఒక ఫైలు పుడుతుంది. ఎఫ్ వెంటనే వచ్చేది ఫైలు పేరేనని టార్ అనుకుంటుంది మరి. విలువ తీసుకునే గుర్తులను కలిపి రాయనివ్వకండి; ఒక కీ మిగిల్చి ఒక ఫైలు పోగొట్టుకోవడం ఎందుకు.

ఈ తీరు నప్పేది ఒక్క చోట: వాడేది ఒకరో ఇద్దరో, రోజంతా అదే పని, మొత్తం కమాండ్లు పదికి మించవు.

పవర్‌షెల్ తీరు: నిండు మాటలు

2006లో వచ్చిన పవర్‌షెల్ దీనికి సరిగ్గా ఎదురు దారి పట్టింది. ప్రతి కమాండ్‌లో ఒక క్రియ, హైఫన్, ఒక నామవాచకం: ‘గెట్-చైల్డ్‌ఐటెం’ లాగా. క్రియలకు ఒప్పుకున్న జాబితా ఒకటుంది, ఎవరికి తోచిన క్రియ వాళ్లు పెట్టుకోరు. ఒక కమాండ్ తెలిస్తే పక్క కమాండ్ పేరు ఊహించవచ్చు. అసలు లాభం అదే.

లారీ ఎంట్రీ (పవర్‌షెల్‌లో ఆప్షన్లకు ఒక్క హైఫనే, ఇక్కడ యూనిక్స్ నిండు మాటల్లాగా రెండు పెట్టాం): ‘యాడ్-ఇన్‌వర్డ్ --వెరైటీ 1010 --బ్యాగ్స్ 320 --మాయిశ్చర్ 16.5’. మొత్తం 53 కీలు, యూనిక్స్ తీరుకు రెట్టింపు. ఆరు నెలల తర్వాత చదివినా అర్థమవుతుంది కాబట్టి రాత్రిపూట తనంతట తాను నడిచే బ్యాచ్ ఫైళ్లలో ఈ రూపమే ఉండాలి. కాంటా దగ్గర దీన్ని చేత్తో రోజుకు 200 సార్లు కొట్టమనడం మాత్రం దౌర్జన్యం.

ట్యాబ్ కీ ఉంది కదా, మాటను అదే నింపుతుంది కదా అంటారు. నిజమే, కానీ ట్యాబ్ నొక్కాక స్క్రీన్ మీద ఏం పడిందో చూడాలి. చూడటమూ ఒక ఆగుడే. పైగా మీరు సొంతంగా రాసిన ప్రోగ్రాంలో ట్యాబ్ దానంతట అది పనిచేయదు, ఆ పని మీరే రాయాలి.

జంట హైఫన్ల గురించి ఒక హెచ్చరిక. కమాండ్‌ను వర్డ్ ఫైల్లో రాసి పంపితే వర్డ్ ఆ రెండు హైఫన్లను ఒక పొడుగు గీతగా మార్చేస్తుంది, మామూలు కోట్‌లను వంకర కోట్‌లు చేస్తుంది. కొన్ని ఫోన్ కీబోర్డులదీ ఇదే పని. గుమస్తా దాన్ని కాపీ చేసి అతికిస్తే కంటికి తేడా కనిపించదు, కమాండ్ పనిచేయదు. మీ ప్రోగ్రాం లైనును తీసుకోగానే పొడుగు గీతను రెండు హైఫన్లుగా, వంకర కోట్‌ను మామూలు కోట్‌గా మార్చుకుంటే ఈ ఫోన్ కాల్సన్నీ తప్పుతాయి.

సిస్కో తీరు: మాట నిండుది, కొట్టేది కొంచెమే

అమీర్‌పేటలో సీసీఎన్ఏ అనే సిస్కో నెట్‌వర్కింగ్ కోర్సు నేర్చుకుని వచ్చినవాళ్లకు ‘కాన్ఫ్ టీ’, ‘ష్ రన్’ నోటికి వచ్చే ఉంటాయి. అసలు కమాండ్లు ‘కాన్ఫిగర్ టెర్మినల్’, ‘షో రన్నింగ్-కాన్ఫిగ్’. ఇంకే కమాండ్‌తోనూ కలవనంత వరకు మొదటి అక్షరాలు కొడితే చాలు, మిగతాది రూటరే గ్రహిస్తుంది. చాలకపోతే అయోమయంగా ఉందని చెబుతుంది, ప్రశ్న గుర్తు కొడితే ఆ అక్షరాలతో మొదలయ్యేవన్నీ చూపిస్తుంది.

ఈ తీరులో మన లైను ‘ఇన్‌వర్డ్ వెరైటీ 1010 బ్యాగ్స్ 320 మాయిశ్చర్ 16.5’. హైఫన్లు లేవు. ఒక్కో మాటకు మూడక్షరాలే కొడితే 30 కీలు. యూనిక్స్ తీరుకన్నా నాలుగే ఎక్కువ. కొత్తవాడు నిండు మాట కొడతాడు, పాతవాడు మూడక్షరాలు కొడతాడు, ఇద్దరిదీ ఒకే కమాండ్. పాతవాడు కొట్టింది పక్కన నిలబడి చూసినా కొత్తవాడికి అర్థమవుతుంది. పేర్లు పెట్టడం ఇంకా మొదలే పెట్టనివాళ్లు ఇక్కడి నుంచి మొదలుపెట్టడం మేలు.

దీని బలహీనత రేపు బయటపడుతుంది. ఇవాళ ‘స్టాక్’ ఒక్కటే ఉంది, అందరూ ఎస్, టీ కొట్టడం అలవాటు చేసుకున్నారు. వచ్చే నెల మీరు ‘స్టేటస్’ చేర్చారు. అందరి వేళ్లలోని ఎస్‌టీ ఆ పొద్దే చెడిపోతుంది. డెక్ కంపెనీ ఆపరేటింగ్ సిస్టం వీఎంఎస్‌లో దీనికి మందు ఉండేది: ఏ కమాండ్‌కైనా మొదటి నాలుగక్షరాలు కొడితే చాలనే హామీ. మీరూ అలాగే మూడక్షరాల హామీ ఇవ్వండి. కొత్త కమాండ్ పేరు పెట్టేముందు దాని మొదటి మూడక్షరాలు పాత జాబితాలో దేనితోనూ కలవకూడదు. ఎస్‌టీఓ, ఎస్‌టీఏ వేరు కాబట్టి ‘స్టాక్’, ‘స్టేటస్’ రెండూ బతుకుతాయి. రెండక్షరాలు కొట్టినవాడికి మాత్రం ఏది కావాలని అడగాలి.

పైథాన్‌లో రాసేవాళ్లకు ఒక సంగతి. కొట్టిన లైనును విడదీసి ఇచ్చే ఆర్గ్‌పార్స్ వాడితే జంట హైఫన్ల ఆప్షన్లకు ఈ మొదటి అక్షరాల సౌకర్యం అడక్కుండానే వస్తుంది. అది వద్దనుకుంటే ఆపే వీలు పైథాన్ 3.5 నుంచి ఉంది. బ్యాచ్ ఫైళ్లతో నడిచే భాగానికి దాన్ని ఆపేయడమే మంచిది. లేకపోతే ఎవరో కుదించి రాసిన ఆప్షన్, మీరు కొత్తది చేర్చిన రాత్రి నుంచి పనిచేయదు, కారణం దొరకదు.

అంకెల తీరు

మిల్లు ఎంట్రీలో ఎక్కువ భాగం అంకెలే. రకం, బస్తాలు, తేమ, తూకం, టోకెన్ నంబరు. గుమస్తా కుడి చేయి నంబర్ ప్యాడ్ మీదే ఉంటుంది, ఎడమ చేత్తో స్లిప్పులు తిరగేస్తుంటాడు. అలాంటప్పుడు అక్షరాల కమాండ్ అంటే స్లిప్పులు కింద పెట్టి రెండు చేతులూ తేవడమే. ‘1 ఎంటర్, 1010 ఎంటర్, 320 ఎంటర్, 16.5 ఎంటర్’ అంటే 16 కీలు, ఒంటి చేయి, చూపు స్లిప్పు మీదే.

పనిచేసే అంకెకూ పనిచేయని అంకెకూ తేడా తెలియాలి. మన దగ్గర వడ్ల రకాన్ని రైతులూ మిల్లర్లూ అంకెతోనే పిలుస్తారు: 1010, 5204, 15048. తెలంగాణ సోనా అన్నా 15048 అన్నా యార్డులో ఒకటే. ఆ అంకెలు అప్పటికే మాటలు. గుర్తుతెచ్చుకునే పనిలేదు, ఆగడం లేదు. దానికి భిన్నంగా మీరు కూర్చుని ‘తవుడుకు 7, నూకలకు 12’ అని కేటాయిస్తే అవి చిక్కు కోడ్లు. మానిటర్ అంచుకు అతికించిన చీటీ చూసి కొడతారు, చీటీ పోయిన రోజు ఎంట్రీ ఆగుతుంది. జనం నోట ఉన్న అంకెలను అలాగే తీసుకోండి, కొత్తవి మాత్రం పుట్టించకండి.

ట్యాలీ వాడే అకౌంటెంట్లున్న చోట ఫంక్షన్ కీలదీ ఇదే న్యాయం. ఎఫ్5 చెల్లింపు, ఎఫ్6 రసీదు, ఎఫ్8 అమ్మకం, ఎఫ్9 కొనుగోలు అని వాళ్ల వేళ్లకు తెలుసు. మీ ప్రోగ్రాంలోనూ అవే ఉంచండి. ఎఫ్8 మీద ‘తీసేయి’ పెట్టారంటే గొడవను మీరే ఇంటికి పిలుచుకున్నట్టు.

నంబర్ ప్యాడ్‌లో 7, 8, 9 పై వరసలో ఉంటాయి. ఫోన్‌లో 1, 2, 3 పైన ఉంటాయి. ఒకే మెనూను రెండింటి మీదా వాడేవాళ్లు తడబడతారు. కాబట్టి ఎదురు పనులకు పక్కపక్క అంకెలు ఇవ్వకండి. లోపలికి 1, బయటికి 2 అని ఇస్తే వేలు జారితే చాలు, వచ్చిన సరుకు పోయినట్టు పడుతుంది. లోపలికి 1, బయటికి 9 అయితే రెండూ ఎదురెదురు మూలల్లో ఉంటాయి, పొరపాటున పడవు. నమ్‌లాక్ ఆరిపోతే 1, 7, 9 అంకెలు పడటం మాని కర్సర్‌ను ఎటో తీసుకుపోతాయి. ఎంట్రీ స్క్రీన్ మీద నమ్‌లాక్ స్థితి చూపించండి. 14 అంగుళాల ల్యాప్‌టాప్‌లకు చాలావాటికి నంబర్ ప్యాడే ఉండదు. విడిగా యూఎస్‌బీది కొనాలి.

‘ఇన్ 1010 320 16.5’ లాగా గుర్తుల్లేకుండా వరస ప్రకారం ఇచ్చే విలువలకు ఉన్న భయం తారుమారు. దీనికి కాపలా విలువల్లోనే దొరుకుతుంది. తేమ 8 నుంచి 30 మధ్యే ఉండాలని, బస్తాలకు దశాంశం ఉండకూడదని పెడితే ‘1010 16.5 320’ అని కొట్టినవాడిని ప్రోగ్రాం అక్కడే ఆపుతుంది. ఇలా విలువను చూసి పట్టుకోగలిగితేనే వరస పద్ధతి వాడండి. స్థూల తూకం, ఖాళీ లారీ తూకం రెండూ కిలోల్లోనే ఉంటాయి. అక్కడ పెద్దది స్థూలం అని ప్రోగ్రాం తేల్చుకోవచ్చు. లారీ యజమాని ఖాతా నంబరు, రైతు ఖాతా నంబరు లాంటి జంటలకు అలా తేల్చే దారి లేదు, వాటికి పేరు అడగాల్సిందే.

లారీ నంబరు వేరే తలనొప్పి. నల్లగొండ బండికి 05, పాలమూరు బండికి 06. ముందున్న రెండక్షరాలు 2024 నుంచి టీజీ, అంతకుముందు టీఎస్, ఇంకా పాతవాటికి ఏపీ, వాటి జిల్లా అంకెలు కూడా వేరు. పది అక్షరాల నంబరు నిండుగా కొట్టమంటే అది అచ్చమైన చిక్కు కోడు: కీకి 0.75 చొప్పున ఏడున్నర సెకన్లు, మొత్తం ఎంట్రీ కన్నా ఎక్కువ. చివరి నాలుగంకెలు అడిగి, ఇంతకుముందు వచ్చిన బండ్లలోంచి ఎంచుకోనివ్వండి. కొత్త బండికి మాత్రమే నిండు నంబరు.

తెలుగు మాటలతో కమాండ్లు

ఇది రెండు రకాలు. తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టడం ఒకటి. గుమస్తాకు ‘మాయిశ్చర్’ స్పెల్లింగ్ కన్నా ‘తేమ’ తెలిసిన మాటే. కానీ ఒకరు టీతో మొదలుపెడతారు, ఒకరు టీహెచ్‌తో, ‘వడ్లు’కు వీ కొట్టేవాళ్లున్నారు, డబ్ల్యూ కొట్టేవాళ్లున్నారు, ‘బస్తా’లో హెచ్ ఉందా లేదా అన్నది ఎవరి ఇష్టం వారిది. ఈ దారి పట్టాలంటే ప్రతి మాటకూ జనం కొట్టే రూపాలన్నీ చేర్చుకోవాలి. పదిహేను మాటలున్న చోట ఇది పెద్ద పనేం కాదు, ఫలితం బాగుంటుంది. యాభై దాటితే ఒకదానితో ఒకటి కలిసిపోతాయి.

రెండోది తెలుగు లిపిలోనే కొట్టడం. తెలుగు లిపి కొట్టే ప్రామాణిక కీబోర్డు అమరిక ఇన్‌స్క్రిప్ట్‌లో గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి కాబట్టి చేతులు మారుతూ నడుస్తాయి. ‘తేమ’ మూడే కీలు, ‘వడ్లు’ ఐదు. నేర్చినవాళ్లకు ఇది ఇంగ్లిష్‌కు ఏమాత్రం తీసిపోదు. ఇబ్బంది కీబోర్డులో లేదు, చుట్టుపక్కల ఉంది. లారీ నంబరు కోసం మళ్లీ ఇంగ్లిష్‌కు మారాలి, ఆ మార్పు మరిచిపోతే లైను మొత్తం తప్పు. విండోస్ పాత కమాండ్ విండోలో ఒత్తులు, గుణింతాలు సరిగా కనిపించవు. కంటికి ఒకటే అనిపించే మాట లోపల రెండు రకాలుగా ఉండొచ్చు: ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ, రెండు ముక్కలుగానూ దాచే వీలుంది, పొల్లు తర్వాత కనిపించని జోడింపు నిరోధక అక్షరం ఉండొచ్చు, లేకపోవచ్చు. పోల్చేముందు మాటను యూనికోడ్ ఎన్ఎఫ్‌సీ అనే ఒకే ప్రామాణిక రూపంలోకి తెచ్చి, ఆ కనిపించని అక్షరాన్ని తీసేయకపోతే సరైన కమాండ్ కొట్టినా ‘లేదు’ అంటుంది.

మా మాట: స్క్రీన్ మీద కనిపించేదంతా తెలుగులో ఉంచండి, కమాండ్లను మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో లేదా అంకెల్లో.

పక్కపక్కన పెట్టి చూస్తే

| తీరు | ఒక ఎంట్రీకి కీలు | 0.28 చొప్పున సెకన్లు | కొత్తవాడికి | ప్రధాన ప్రమాదం |
|---|---|---|---|---|
| పొట్టి అక్షరాలు, హైఫన్లు | 26 | 7.3 | కష్టం | పక్క కీ తప్పులు |
| నిండు మాటలు, జంట హైఫన్లు | 53 | 14.8 | సులువు | విసుగు, గీతలు మారడం |
| మొదటి మూడక్షరాలు | 30 | 8.4 | సులువు | కొత్త కమాండ్‌తో కలిసిపోవడం |
| ‘ఇన్’, తర్వాత వరసగా విలువలు | 17 | 4.8 | ఫర్వాలేదు | వరస తారుమారు |
| నంబర్ ప్యాడ్ మీద అంకెలే | 16 | 4.5 | చీటీ కావాలి | తప్పు అంకె, నమ్‌లాక్ |

ఇవి మోడల్ ప్రకారం కట్టిన వేళ్ల సమయాలు, ఆగుళ్లు కలపలేదు. కొత్తవాడికి ఎక్కడెక్కడ ఆగాల్సి వస్తుందో లెక్కవేసి ఒక్కోదానికి 1.35 కలుపుకుంటే పొట్టి అక్షరాల తీరు పై వరసలోంచి జారిపోతుంది. నాలుగో వరసకూ ఐదో వరసకూ తేడా ఒక్క కీ. చేయి ప్యాడ్ మీదే ఉంటుందా, అక్షరాల వైపు రావాలా అన్నదే అక్కడ తేల్చేది.

ఎవరికి ఏది

కాంటా దగ్గర రోజంతా ఒకే ఎంట్రీ పడే మిల్లుకు అంకెల వరస. మిగతా పనులకు, అంటే స్టాక్ చూడటం, బకాయిలు, నెల రిపోర్టుకు, అదే ప్రోగ్రాంలో మొదటి అక్షరాల తీరు పెట్టండి. రెండూ కలిపి ఉంచడంలో తప్పేమీ లేదు. లైను అంకెతో మొదలైతే ఎంట్రీ, అక్షరంతో మొదలైతే కమాండ్. ప్రోగ్రాం తేలిగ్గా విడదీస్తుంది.

ఊరి కొనుగోలు కేంద్రం నుంచి ఫోన్‌లో పంపేవాళ్లకయితే హైఫన్, స్లాష్, అండర్‌స్కోర్ సాధారణంగా 123 పేజీ వెనక దాక్కుని ఉంటాయి. మొదటి అక్షరం దానంతట అదే పెద్దదవుతుంది. ఆటో కరెక్ట్ పొట్టి కమాండ్‌ను ఏదో ఇంగ్లిష్ మాటగా మారుస్తుంది, నిఘంటువులో ఉన్న నిండు మాట జోలికి రాదు. అందుకని ఫోన్‌కు నిండు చిన్న మాటలు, స్పేసులు, అంకెలు. పెద్దక్షరం చిన్నక్షరం తేడా చూడొద్దు. టెలిగ్రామ్ బాట్ చేస్తుంటే కమాండ్ ముందు స్లాష్ తప్పదు, పేరులో చిన్నక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే ఒప్పుకుంటుంది, 32 అక్షరాలు దాటకూడదు. అండర్‌స్కోర్ లేని ఒంటి మాటే పెట్టండి. జాబితాలోంచి వేలితో నొక్కే వీలుంది కాబట్టి అక్కడ పొడుగు పెద్ద బాధ కాదు.

కాలేజీ ప్రాజెక్టుగా రాసి గిట్‌లో పెట్టేవాళ్లకు, తోటి ప్రోగ్రామర్లే వాడతారు గనుక, యూనిక్స్ ఆనవాయితీ మీరకపోవడం మంచిది: పొట్టి గుర్తుకు ఒక హైఫన్, నిండు మాటకు రెండు, రెండూ ఒకే పని చేయాలి. సొంత తెలివి అక్కడ చూపక్కర్లేదు.

చిహ్నాలను తొందరపడి ఖర్చు చేయొద్దు కూడా. ఎంఎస్ డాస్ 1981లో స్లాష్‌ను ఆప్షన్లకు వాడేసింది. 1983లో రెండో వెర్షన్‌తో ఫోల్డర్లు వచ్చేసరికి దారి రాయడానికి స్లాష్ మిగల్లేదు, బ్యాక్‌స్లాష్ పెట్టారు. ఆ ఒక్క ఎంపికను విండోస్ ఇవాళ్టికీ మోస్తోంది.

రాసేటప్పుడు జాగ్రత్తలు

మొదటి అక్షరాలతో వెతికేటప్పుడు, అచ్చంగా సరిపోయిన పేరు ఉందేమో ముందు చూడాలి. ‘ఇన్’ ఒక కమాండ్, ‘ఇన్‌వాయిస్’ ఇంకొకటి అయితే ఐ, ఎన్ కొట్టినవాడికి ‘ఇన్’ నడవాలి, అయోమయం అనకూడదు. అది లేనప్పుడే మొదటి అక్షరాలు చూడండి. ఒకటే దొరికితే నడపండి, రెండు దొరికితే రెండూ చూపించి అడగండి. ఏదీ దొరక్కపోతే దగ్గరి పేరు సూచించండి. పైథాన్‌లో డిఫ్‌లిబ్ ఈ పని చేస్తుంది. సూచించడం వరకే, దానంతట అది నడపకూడదు.

తీసేసే కమాండ్లకు పై సౌకర్యాలేవీ ఇవ్వొద్దు. ‘డిలీట్’ నిండుగా కొట్టాలి, వెంట బిల్లు నంబరు కొట్టాలి. ‘వై’ కొట్టు అని అడగడం కాపలా కాదు. రోజుకు పదిసార్లు అడిగితే వేలు కమాండ్‌తో పాటే వై కూడా కొట్టేస్తుంది. దాని బదులు బస్తాల సంఖ్య మళ్లీ కొట్టమనండి, చూడకుండా కొట్టలేరు. వీటన్నింటికన్నా మేలు, తీసేసిన ఎంట్రీని చెరపకుండా గుర్తు వేసి దాచి, ‘అన్‌డూ’ ఇవ్వడం.

పేర్లు తేలాక జాబితాను కాగితం మీద రాసి, ప్రతి పేరులో ఒక్కో అక్షరాన్ని దాని పక్క కీతో మార్చి చూడండి. మారిన పేరు ఇంకో కమాండ్ అయితే, ఆ రెండింటిలో ఒకటి నష్టం చేసేదయితే, పేరు మార్చాలి. ముప్పై కమాండ్లకు ఈ పని గంటలో అవుతుంది.

ఒకసారి మిల్లులో పెట్టాక పేరు మార్చాల్సి వస్తే వానాకాలం కొనుగోళ్ల నడుమ మార్చకండి. యాసంగి దాకా పాత పేరూ కొత్త పేరూ రెండూ నడవనివ్వండి, పాతది కొట్టినప్పుడు పని చేసిపెట్టి కింద ఒక్క లైనులో కొత్త పేరు చూపించండి. గుర్తించని కమాండ్లన్నీ తేదీతో సహా ఒక ఫైల్లో పడేలా చేయండి. అదే తప్పు వారంలో పదిసార్లు కనిపిస్తే, గుమస్తా కొడుతున్న ఆ మాటను కూడా కమాండ్‌గా చేర్చేయండి.